సిటీ వదిన రూటు

అత్తవారి ఊళ్ళో నా అసలు పేరు ఎవరికైనా గుర్తుందో లేదో నాకు అనుమానమే. అక్కడ అందరికీ నేను సిటీ వదినని. నాకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. ఇరవై రెండేళ్ళ క్రితం పెళ్ళై ఈ మహానగరానికి వచ్చినప్పటి నుంచీ, ఆ ఊరి నుంచి రైలు దిగిన ప్రతివాళ్ళూ ముందు నా తలుపే కొట్టారు. బట్టలు ఎక్కడ కొనాలి, గిన్నెలు ఎక్కడ కొనాలి, ఎక్కడ తింటే కడుపు పాడవదు, ఏ షాపువాడు తియ్యగా మాట్లాడి నెత్తిన టోపీ పెడతాడు, ఇవన్నీ నాకు కంఠోపాఠం. నాకొక రూటుంది. పొద్దున తొమ్మిదికి రేకుల మార్కెట్టు. అక్కణ్ణుంచి బట్టల వీధి. పన్నెండున్నరకి మెట్లెక్కి మేడమీది భోజన హోటలు, అందులో మూడో ఫ్యాను కింద బల్ల. మిగతా ఫ్యాన్లు తిరుగుతాయి గానీ గాలి రాదు. ఈ సంగతి ఊరికే తెలుస్తుందా? ఎన్నిసార్లు చెమటలు కక్కుతూ తింటే తెలిసింది!

మా ఆయన ప్రెస్సులో పని చేస్తాడు. పొద్దున వెళ్ళి రాత్రికి వస్తాడు, వచ్చాక పేపరు చదువుతాడు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. వంటగది కిటికీ తెరిస్తే మెట్లూ, మెట్ల మీద ఎవరివో చెప్పులూ కనిపిస్తాయి. ఈ ఇంట్లో నా మాట వినేవాళ్ళెవరూ లేరు, ఉన్నదున్నట్టు చెప్తున్నా. కానీ ఆ ఊరి నుంచి నలుగురొచ్చిన రోజున ముందు నేను నడుస్తాను, వెనక వాళ్ళు నడుస్తారు. నేనాగితే ఆగుతారు. ‘ఇక్కడ వద్దు’ అంటే చేతిలో ఉన్నది కింద పెట్టేస్తారు. ఆ ఒక్క రోజూ నేనూ ఒక మనిషినే అనిపిస్తుంది.

వచ్చే నెలలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి బట్టలకి పన్నెండు మంది రావాలి. పన్నెండు మంది! అంతమంది నా వెనక ఎప్పుడూ నడవలేదు. ‘వదినా, నువ్వు లేకపోతే మాకు కుదరదు’ అని ఆడపడుచు కిందటేడే అంది. అప్పటినుంచీ నా ప్రాణమంతా ఆ రోజు మీదే ఉంది. ఏ షాపు ముందు, ఏ షాపు తరవాత, ముసలివాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలి, ఇవన్నీ చూసుకోవడానికి ఒంటరిగా రెండుసార్లు ఆ రూటంతా నడిచొచ్చాను కూడా.

అలాంటి సమయంలో దిగింది చిన్నది.

చిన్నది అంటే మా తోడికోడలు, నా మరిది భార్య. ముప్పై దాటినా ఇంట్లో అందరికీ చిన్నదే. చూస్తే నోట్లో నాలుక లేనట్టుంటుంది. ‘అవునక్కా, సరే అక్కా’ తప్ప ఇంకో మాట రాదు. ఇంట్లోనే ఓవెన్ పెట్టుకుని బన్నులూ, రొట్టెలూ, బిస్కెట్లూ చేసి షాపులకి వేస్తోంది. ఇప్పుడు వాళ్ళ ఊరి బయట ఫ్యాక్టరీ క్యాంటీనుకి రోజూ రొట్టెలు వేసే ఆర్డరు దొరికేలా ఉందట. మేనేజరు ఎల్లుండి పొద్దున ఇంటికొచ్చి రుచి చూస్తాడు. సరిగ్గా ఇప్పుడే ఓవెన్ పాడైంది. రొట్టెలు పైన మాడి, లోపల పిండిపిండిగా వస్తున్నాయి.

“వేడి సర్దే థర్మోస్టాట్ పోయిందక్కా. మా ఊళ్ళో దొరకదు. రేపు కొనేసుకుని సాయంత్రం రైలుకి వెళ్ళిపోతాను,” అంటూ రుమాలు విప్పి చూపించింది. అరచేతిలో పట్టేంత డబ్బా, దానికి తోకలా సన్నటి రాగి గొట్టం. “పాతది చూపిస్తేనే సరైనది ఇస్తారట.”

నాకు చప్పున వెలిగింది. రేకుల మార్కెట్టు దాటాక గడియారాల సందు ఉంది. అందులో నాలుగో షాపు. కిందటి నెలే మా మిక్సీ అక్కడ బాగు చేయించాను. ఆ షాపువాడి గోడ నిండా ఇలాంటి తోకల డబ్బాలే వేలాడుతుంటాయి.

“నీకెందుకు, రేపు నేను తీసుకెళ్తాగా,” అన్నాను. నిజంగానే తీసుకెళ్దామనుకున్నాను. ఒట్టు.

ఆ సాయంత్రం వంటగదంతా తనే తుడిచింది. గట్టు తుడిచింది, మిక్సీ తలకిందులు చేసి అడుగు కూడా తుడిచింది. నేను కూర్చుని టీ తాగాను.

పొద్దున బయల్దేరే ముందు, తను చెప్పులేసుకుంటుంటే పెళ్ళి బట్టల మాట వచ్చింది. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాలో నేను వర్ణించి చెప్తున్నాను. చిన్నది తల వంచుకుని చెప్పుల బకిల్ పెట్టుకుంటూ అంది:

“వదిన, అదే మీ ఆడపడుచు, ఏదో అంటున్నారక్కా, మీరు ఏమీ అనుకోకండి.”

“ఏమంటోంది?”

“సిటీ వదిన షాపులన్నీ పాతబడిపోయాయట. ఆ హోటల్లో కుర్చీలు ఊగుతాయట. ‘ఆవిడతో వెళ్తే కాళ్ళరుగుతాయి తప్ప పని జరగదు, ఈసారి ఫోన్లో చూసుకుని మనమే వెళ్దాం, నువ్వు రా చిన్నదానా, నీకు ఫోన్ చూడటం వచ్చుగా’ అన్నారు. నేను మాత్రం అన్నానక్కా, పెద్దక్క బాధపడతారని.”

మొహం చూస్తే అమాయకత్వం కారిపోతోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై రెండేళ్ళు! వాళ్ళ సంచులు మోశాను. వాళ్ళ పిల్లలు దారిలో వాంతులు చేసుకుంటే కడిగాను. బేరాలాడి గొంతు పోగొట్టుకున్నాను. ఇప్పుడు నా వల్ల కాళ్ళరుగుతాయట! నా చోటికి ఇది వస్తుందట, చేతిలో ఫోను పట్టుకుని!

“బాధేముందమ్మా, పద,” అన్నాను నవ్వుతూ.

మెట్లు దిగుతుండగానే తేల్చుకున్నాను. ఆ డబ్బా దీనికి దొరకకూడదు. రేపు ఆ మేనేజరు ముందు చేతులు నలుపుకుంటూ నిలబడాలి. మాడిన రొట్టె ముందు పెట్టుకుని ఏడవాలి. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. అలాగే అనుకున్నాను, అనుకుంటే కడుపు చల్లబడింది.

రోడ్డెక్కగానే ఫోన్ తీసింది. “ఇందులో చూస్తే దారి చూపిస్తుందేమో అక్కా.”

“ఆ ఫోను ఎప్పుడైనా ఈ వీధుల్లో నడిచిందా? లోపల పెట్టు. లాక్కుపోతారు.”

పెట్టేసింది.

గడియారాల సందు దగ్గరకొచ్చాం. షాపు బోర్డు రోడ్డు మీంచే కనిపిస్తుంది. పచ్చ అక్షరాలు, ఇంతింతవి. చిన్నది చెయ్యి గట్టిగా పట్టుకుని, “అమ్మో, లారీ! ఇటు రా,” అని అవతలి పక్కకి లాగేశాను. లారీ లేదు, గీరీ లేదు. అవతల అద్దాల షాపు చూపించి, “ఈ షాపువాడికి ముగ్గురు పెళ్ళాలు,” అని నోటికొచ్చిన కథ మొదలుపెట్టాను. చిన్నది ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ తరవాత, “నిజమా అక్కా, ముగ్గురా?” అంది.

గిన్నెల షాపుల్లో అడిగాం. లేదన్నారు. ఉండదు మరి. తాళాల వీధిలో అడిగాం, వాళ్ళు నవ్వారు. పన్నెండున్నరకి హోటలు మెట్లెక్కాం. మూడో ఫ్యాను కింద బల్ల ఖాళీ లేదు. నేను సర్వరుతో పోట్లాడుతుంటే చిన్నది వెనకనుంచి నా భుజం తట్టింది.

“అక్కా, ఇంకో రుమాలు దారిలో ఎక్కడో పడిపోయింది. మా ఆయన కొనిపెట్టింది. ఒక్క ఐదు నిమిషాల్లో చూసొస్తా.”

“వెళ్ళు వెళ్ళు. తప్పిపోయేవు సుమా,” అన్నాను. తప్పిపోతే ఇంకా మంచిదే అనుకున్నాను లోపల.

ఐదు నిమిషాలు ఇరవై అయ్యాయి. నా భోజనం సగం అయ్యాక చెమటలు కారుతూ వచ్చి కూర్చుంది. “దొరికిందక్కా,” అంది. ఆకలి మీదుందేమో, గబగబా తింది. పెరుగు రెండోసారి అడిగి వేయించుకుంది. పని కాలేదన్న దిగులేమీ కనిపించలేదు. ఇంత మొద్దు మొహం ఓవెన్ ఎలా నడుపుతోందో అనుకున్నాను.

మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉంది. నేను వదల్లేదు. ఇంట్లో కూర్చోబెడితే ఫోన్ తీసి వెతుకుతుందని భయం. నడిపిస్తూనే ఉంటే వెతికే తీరిక ఉండదు. పాత సామాన్ల సంత, సైకిళ్ళ వీధి, పంపుల గోడౌన్లు, ఎక్కడెక్కడో తిప్పాను. నా ఎడమ మోకాలు రెండేళ్ళుగా బాగాలేదు. మెట్లు దిగితే లోపల కత్తి పెట్టి తిప్పినట్టుంటుంది. అయినా పళ్ళు బిగబట్టి నడిచాను. దీన్ని ఏడిపించడానికి నా కాలు విరిగినా ఫరవాలేదనిపించింది.

“అలిసిపోయావా?” అని మధ్యమధ్యలో అడిగాను.

“మీరు నాకోసం ఇంత తిరుగుతుంటే నేను అలుస్తానా అక్కా? ఇంకో వీధి చూద్దాం,” అంది ప్రతిసారీ.

రెండింటికోసారి, మూడింటికోసారి పక్కకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసుకుంది. గోడవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది. దూరంగా నిలబడి, మోకాలు నొక్కుకుంటూ, తనివితీరా చూశాను.

ఆఖరికి స్టవ్వులు బాగుచేసే ఒక ముసలాయన దగ్గర ఆగాం. నిజానికి నేను నిలబడలేక ఆగాను. ఆయన స్టూలు ఇస్తే కూలబడ్డాను. చిన్నది రుమాలు మూట నా చేతికిచ్చింది, నేను విప్పకుండానే ఆయనకిచ్చాను. కళ్ళజోడు సంచిలోంచి తీసే ఓపిక కూడా లేదు.

ఆయన మూట విప్పి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. “దీనికేమైందమ్మా? బాగానే ఉందిగా.”

“బాగుంటే పొద్దుట్నుంచీ ఇలా పిచ్చివాళ్ళలా ఎందుకు తిరుగుతాం?” అని కసిరాను. “తెలియకపోతే తెలియదని చెప్పు.”

ఆయన చిన్నదానివైపు చూశాడు. చిన్నది తల వంచుకుని చెప్పుల బకిల్ సర్దుకుంటోంది. ఆయన మూట కట్టి ఇచ్చేశాడు.

రైలు నాలుగూ నలభైకి. స్టేషన్లో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. నా రెండు చేతులూ పట్టుకుంది. “మీరు లేకపోతే ఈ ఊళ్ళో నేనేమైపోయేదాన్నో అక్కా. ఈ రోజు జన్మలో మర్చిపోను.”

“నా ప్రయత్నం నేను చేశానమ్మా. ఈ సిటీలో దొరకలేదంటే ఇంకెక్కడా దొరకదు,” అన్నాను. గొంతులో కొంచెం దుఃఖం కూడా కలిపాను. రైలు కదిలాక, ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఒక టీ తాగాను, ఒక బన్ను కూడా తిన్నాను. అంత రుచైన బన్ను ఈమధ్య తినలేదు.

రాత్రంతా మోకాలికి వేడినీళ్ళ కాపడం. మరునాడు పొద్దున పదకొండింటికి, మేనేజరు వచ్చి వెళ్ళిపోయి ఉంటాడని లెక్క వేసుకుని, అత్తయ్యకి ఫోన్ చేశాను. ఓదార్చడానికన్నమాట. ఓదార్పు మాటలు రెండు మూడు ముందే అనుకుని పెట్టుకున్నాను. అవతల గిన్నెల చప్పుడు, నవ్వులు, ఎవరో ఎవర్నో పిలుస్తున్న సందడి.

“పాపం చిన్నదానికి ఏమైంది అత్తయ్యా? మేము తిరగని చోటు లేదు,” అన్నాను.

“ఏమవుతుంది? మేనేజరు నాలుగు ముక్కలు తిని, ఇంటికి ఒకటి కట్టించుకుని పోయాడు. ఒకటో తారీఖు నుంచి వెయ్యమన్నాడు.”

“మరి ఓవెన్?”

“నిన్న మధ్యాహ్నమే కొనుక్కుందిగా. గడియారాల సందులో. నువ్వు భోజనం బల్ల కోసం పోట్లాడుతున్నప్పుడు వెళ్ళి కొనుక్కొచ్చింది. రాత్రి రాగానే మీ మరిది బిగించాడు.”

ఫోన్ చెవికి అంటుకుపోయింది.

అత్తయ్య కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పిల్లలకి లెక్క చెప్పినట్టు నిదానంగా చెప్పింది. “మొన్న సాయంత్రమే మీ మిక్సీ కింద ఆ షాపువాడి చీటీ చూసిందట, ఓవెన్ సామాన్లూ అమ్ముతానని అచ్చేసి ఉందట. తారీఖుతో సహా. ‘పెద్దక్కకి షాపు తెలుసు, రేపు తీసుకెళ్తుంది’ అని అప్పుడే నాకు ఫోన్ చేసింది. తీరా నువ్వు సందు ముందు చెయ్యి పట్టుకుని అవతలికి లాగావట. కొనుక్కున్నాక ఫోన్ చేసి, ‘అక్క ఎంతసేపు తిప్పుతుందో చూద్దాం అత్తయ్యా’ అంది. నీ ఆడపడుచు ఇక్కడే ఉంది. గంటకోసారి ఫోనొస్తే గట్టిగా పెట్టుకుని అందరం విన్నాం. ఆ స్టవ్వులాయనకి కొత్తదే చూపించావటగా? నీ ఆడపడుచు నవ్వలేక మంచం మీద పడిపోయింది.”

వెనక ఎవరో, “సిటీ వదినేనా? మోకాలు ఎలా ఉందో అడుగు!” అని అరిచారు. మళ్ళీ నవ్వులు. ఫోన్ పెట్టేశాను.

అంటే నేను కాలు ఈడ్చుకుంటూ దాన్ని తిప్పుతున్నానని మురిసిపోతుంటే, సంచిలో ఆ డబ్బా పెట్టుకుని అది నన్ను తిప్పింది. ‘ఇంకో వీధి చూద్దాం అక్కా’ అని! తడిగుడ్డతో గొంతు కోసే రకమని లోకమంతా ఎవరెవర్నో అంటారు గానీ, ఆ మనిషి నా ఇంట్లోనే గట్టు తుడిచి వెళ్ళింది. తిట్టుకున్నాను. దాని వంశాన్నంతా తిట్టుకున్నాను, అది మా వంశమే అయినా. కానీ తిట్టుకున్నంతసేపూ చెవిలో ఒకటే మాట: గట్టిగా పెట్టుకుని అందరం విన్నాం.

ఆడపడుచు నుంచి ఫోన్ రాలేదు. వస్తుందని వారం చూశాను, రెండు వారాలు చూశాను. నెల తిరిగింది. వాళ్ళు రావాల్సిన రోజు నాకు తెలుసు. ఆ పొద్దున మా ఆయన ప్రెస్సుకి వెళ్ళగానే తాళం వేసి బయల్దేరాను. ఎందుకెళ్ళావంటే ఏం చెప్పను! ఉత్తినే చూసొద్దామని. తప్పిపోయి ఉంటారని, నన్ను చూసి ‘హమ్మయ్య, వదినా’ అంటారని కూడా ఒక మూల ఆశ ఉంది. ఆ ఆశే నన్ను బట్టల వీధి దాకా ఈడ్చుకెళ్ళింది.

పన్నెండున్నరకి హోటలు ఎదురుగా, పళ్ళబండి చాటున నిలబడ్డాను. వచ్చారు. లెక్కపెట్టాను, పన్నెండు మందీ ఉన్నారు. చేతుల నిండా కొత్త సంచులు. ముందు చిన్నది, చేతిలో ఫోన్. అది ఆగితే అందరూ ఆగారు. అది చెయ్యెత్తి మేడ మెట్లు చూపిస్తే అందరూ ఎక్కారు. కుర్చీలు ఊగుతాయన్న హోటలే! కాసేపటికి కిటికీలోంచి కనిపించింది, మూడో ఫ్యాను కింద బల్లలు రెండు కలిపి అందర్నీ కూర్చోబెడుతోంది. నా బల్ల. నేను కనిపెట్టింది.

కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోదామని తిరిగేలోగా చూసేసింది. గబగబా మెట్లు దిగి, రోడ్డు దాటి నా దగ్గరికొచ్చింది. కిటికీ దగ్గర తలలు ఒకదాని మీద ఒకటి పోగయ్యాయి. మా ఆడపడుచు మొహం అన్నిటికంటే ముందుంది.

“అక్కా! ఈ కాలుతో ఇంత దూరం వచ్చారా?” అంది చిన్నది. గొంతులో ఎప్పటి తేనే. “పైకి రమ్మనేదాన్నే, కుర్చీలన్నీ అయిపోయాయి. ఒకటుంది గానీ, అది ఊగుతోంది.”

నేను పళ్ళబండికి ఆనుకుని ఎడమ కాలి మీద బరువు తగ్గించుకున్నాను.

“ఒక్కటి చెప్పండక్కా. భోజనాలయ్యాక చెప్పులు కొనాలి. చెప్పుల వీధి ఎటు?”

అబద్ధం చెప్పాలనిపించింది. పేట చివర పంపుల గోడౌన్ల వైపు పొమ్మనాలనిపించింది. పైన పన్నెండు మొహాలు... కాదు, పదకొండు... నా నోటివైపే చూస్తున్నాయి. పెళ్ళికూతురు కూడా. ఆ పిల్లకి మొదటి గౌను నేనే కొనిపెట్టాను, ఈ వీధిలోనే.

“కుడివైపు తిరిగి రెండో సందు,” అన్నాను. “మొదటి రెండు షాపులు వద్దు. మూడోవాడు మంచివాడు.”

చిన్నది ఫోన్ పైకెత్తి, వేలితో జరిపి, దారి చూసుకుంది. తీరిగ్గానే చూసుకుంది. తరవాత కిటికీవైపు తలెత్తి గట్టిగా అరిచింది.

“ఈసారి నిజమే చెప్పింది వదినా!”

పైనుంచి నవ్వులు కిందికి పడ్డాయి. పళ్ళబండివాడు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. చిన్నది నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కింది.

“ఎండలో నిలబడకండక్కా, ఇంటికెళ్ళిపోండి. దారి తెలుసుగా?”

తెలుసని తల ఊపాను.